విద్యార్థిగా అంబేడ్కరు

మనుష్యుని జీవితములో విద్యాలయమున గడపు కాలము మిక్కిలి స్వల్పము. కళాశాలలోను, విశ్వవిద్యాలయములోను కలిపి నాలుగైదు సంవత్సరములకు మించి ఉండు భాగ్యము పెక్కుమందికి లభింపదు. పిమ్మట ఉద్యోగము, సంసారము, వాని బాధ్యతలు వరుసగా వచ్చి మీద పడును. అప్పుడు చదువవలెనను కోరిక ఉన్నను తీరిక ఉండదు. ఆ స్వల్పకాలమునే పెన్నిధిగా భావించి, దానిని పూర్తిగా వినియోగించుకొనినవారిలో డాక్టరు భీమరావు రాంజీ అంబేడ్కరు అగ్రగణ్యుడు. భారత రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షుడుగా ఆయనను ఎరుగనివారు లేరు. అంతటి కార్యమునకు ఆయనను అర్హునిగా చేసిన విద్య ఎట్లు లభించెనో తెలిసికొనుట విద్యార్థులకు ఆవశ్యకము.

అంబేడ్కరు 1891వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన మధ్యభారతములోని మౌ అను సైనిక స్థావరమున జన్మించెను. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యమున సుబేదారుగా పనిచేయుచుండెను. తల్లి భీమాబాయి. పదునలుగురు సంతానములో భీమరావు కడపటివాడు. అతనికి ఆరేండ్లయినను నిండకముందే తల్లి కాలధర్మము చెందెను. వారిది మహారాష్ట్ర దేశమున అస్పృశ్యులుగా నెంచబడుచుండిన మహర్ కులము. ఆ కారణముచే బాలుడు చదువుకొనుటకు పోయిన చోటనెల్ల అవమానములు ఎదురయ్యెను. సతారా పాఠశాలలో తోటి పిల్లలతోపాటు కూర్చుండుటకు అతనికి అనుమతి లేదు. ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టాను ఒక మూల పరచుకొని దానిపై కూర్చుండవలెను. దాహమైనప్పుడు నీటికుండను తాకరాదు. పాఠశాల నౌకరు వచ్చి ఎత్తునుండి నీరు పోసినప్పుడే త్రాగవలెను. నౌకరు రాని దినమున దాహముతోనే ఇంటికి పోవలసివచ్చెడిది.

కొంతకాలమునకు రాంజీ కుటుంబముతో బొంబాయి చేరి, కార్మికులు నివసించు పరేలు ప్రాంతమున ఒక గది అద్దెకు తీసికొనెను. వంట, పడక, చదువు అన్నియు ఆ ఒక్క గదిలోనే జరుగవలెను. అందరును ఒకేసారి నిద్రించుటకు అందు చోటు చాలదు. తండ్రి ఒక ఉపాయము కనిపెట్టెను. కుమారుడు పెందలకడనే నిద్రించును. తండ్రి మేలుకొని యుండును. రాత్రి రెండు గంటలకు తండ్రి కుమారుని లేపి, ఆ చోటున తాను పరుండును. కుమారుడు దీపము ముందు కూర్చుండి తెల్లవారువరకు చదువుకొనును. పింఛనుపై బ్రతుకుచున్న ఆ తండ్రి, కుమారుడు కోరిన పుస్తకము కొనుటకై కుమార్తెల నగలను తాకట్టు పెట్టుటకును వెనుదీయలేదు. చదువునకు ఇతరులు ఎంత మూల్యము చెల్లించుచున్నారో భీమరావు ఆ గదిలోనే నేర్చుకొనెను.

ఉన్నతపాఠశాలలో అతడు సంస్కృతము చదువగోరెను. అస్పృశ్యుడనుచు దానిని అతనికి నిరాకరింపగా పారసీకము చదువవలసివచ్చెను. అతడు 1907వ సంవత్సరమున మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. ఆ కులమువారికి అది అపూర్వమైన విషయము కనుక ఒక అభినందన సభ జరిగెను. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అను ఉపాధ్యాయుడు తాను మరాఠీభాషలో రచించిన బుద్ధచరిత్రను భీమరావునకు బహూకరించెను. ఆ సజ్జనుడు అంతటితో విరమింపలేదు. పై చదువునకు ధనము లేక భీమరావు చింతించుచుండగా బరోడా మహారాజగు సాయాజీరావు గాయక్వాడుతో అతనిని గూర్చి చెప్పి, నెలకు 25 రూపాయల విద్యార్థివేతనము ఇప్పించెను. ఆ సహాయముతో భీమరావు బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, 1912వ సంవత్సరమున అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము ప్రధానవిషయములుగా బి. ఏ. పరీక్ష నిచ్చి కృతార్థుడయ్యెను.

1913వ సంవత్సరము జనవరి నెలలో అంబేడ్కరు బరోడా సంస్థానమున ఉద్యోగమునకు కుదిరెను. కొలది దినములకే తండ్రికి జబ్బుగా నున్నదని కబురు రాగా బొంబాయికి పరుగెత్తెను. ఫిబ్రవరి 2వ తేదీన రాంజీ కన్నుమూసెను. అప్పటికి అంబేడ్కరునకు ఇరువది రెండేండ్లైనను నిండలేదు. భార్య రమాబాయి, పిల్లవాడు, అన్నగారి కుటుంబము ఉన్నారు. ఉద్యోగము చేసికొని ఇల్లు నడుపుకొనుటయే లోకరీతి. సరిగా ఆ సమయముననే మహారాజు కొందరు విద్యార్థులను అమెరికాకు పంప నిశ్చయించెను. వారిలో అంబేడ్కరు ఒకడయ్యెను. మూడు సంవత్సరముల పాటు నెలకు పదకొండున్నర పౌనుల వేతనము ఇత్తురు. చదువు ముగిసిన పిమ్మట పది సంవత్సరములు బరోడా సంస్థానమున కొలువు చేయవలెను. జూన్ నెలలో ఆ ఒడంబడికపై సంతకము చేసి, జులై నెలలో ఆయన న్యూయార్కు నగరము చేరెను.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయము ఆయనకు ఒక క్రొత్త ప్రపంచమును చూపెను. అచ్చట ఆయన కులమును అడుగువారు లేరు. అందరితోపాటు ఒకే బల్లవద్ద కూర్చుండి భుజింపవచ్చును. నచ్చిన పుస్తకమును తాకవచ్చును. ఉపాధ్యాయునితో ఎదురుగా నిలిచి చర్చింపవచ్చును. చిన్ననాటినుండి ఇట్టి స్వేచ్ఛ ఎరుగని యువకునకు ఆ గాలియే మత్తు కలిగించెను. తొలినెలలలో ఆయన మిత్రులతో విహారములందును, ఆటపాటలందును కాలము గడపెను. చదువు మందగించెను. ఇది ఆయనకు మాత్రమే కలిగిన ప్రమాదము కాదు. ఇల్లు విడిచి మొదటిసారి విశ్వవిద్యాలయమున కాలుపెట్టిన ప్రతి యువకునకును ఈ ప్రమాదము కలదు.

అయితే అంబేడ్కరు త్వరలోనే మేలుకొనెను. తనను ఇంతదూరము పంపినవారు ఎవరు? నిద్ర మానుకొన్న తండ్రి, నమ్మి ధనమిచ్చిన మహారాజు, చాలీచాలని సంపాదనతో ఇల్లు గడపుకొనుచున్న భార్య. మూడు సంవత్సరములు గడచిన పిమ్మట ఈ గ్రంథాలయపు తలుపులు తనకు మరల తెరచుకొనునా? ఇట్లు ఆలోచించి, ఆయన తన నడవడిని మార్చుకొనెను. వసతిగృహమున నావల్ భతేనా అను పారసీ విద్యార్థి ఆయనకు గదిలో తోడుగా దొరకెను. ఆ స్నేహము జీవితాంతము నిలిచెను. నాటినుండి అంబేడ్కరు దినమునకు పదునెనిమిది గంటలు చదువసాగెను. నాటకశాలలకు పోవుట మానెను. ఆహారమును మితపరచుకొని, మిగిలిన సొమ్ములో కొంత ఇంటికి పంపెను. కొంత పాతపుస్తకముల అంగళ్లలో వెచ్చించెను. ఇట్లు న్యూయార్కులో ఆయన సేకరించిన పాతపుస్తకములు దాదాపు రెండువేలు.

ఆయన చదివిన విధానమునే ముఖ్యముగా గమనింపవలెను. పట్టము పొందుటకు ఎంత చదివిన చాలునో అంతతో ఆయన తృప్తిచెందలేదు. విశ్వవిద్యాలయమున దొరకుదానినెల్ల గ్రహింపవలెనని సంకల్పించెను. ఆ మూడేండ్లలో ఆయన చేరిన పాఠ్యక్రమములు 60. అందు అర్థశాస్త్రమునకు చెందినవి 29, చరిత్రకు 11, సమాజశాస్త్రమునకు 6, తత్త్వశాస్త్రమునకు 5, మానవశాస్త్రమునకు 4, రాజనీతికి 3. ఇవి గాక ఫ్రెంచి, జర్మను భాషల ప్రారంభపాఠములును ఉన్నవి. ప్రభుత్వముల ఆదాయవ్యయములను గూర్చి బోధించుటలో ప్రసిద్ధుడగు సెలిగ్మన్ పండితుడు ఆయనకు గురువు. ప్రజాస్వామ్యమనగా ప్రభుత్వపద్ధతి మాత్రమే కాదనియు, అది మనుష్యులు కలిసి జీవించు విధానమనియు బోధించిన జాన్ డ్యూయీ మరియొక గురువు. ఆ గురువుల ఉపన్యాసములను ఆయన ఎంత శ్రద్ధతో వినెనో, ముప్పది నలువది సంవత్సరముల తరువాత ఆయన వ్రాసిన గ్రంథములే తెలుపుచున్నవి.

పలు శాస్త్రములను చదివినను ఆయన చదువు చెల్లాచెదరు కాలేదు. దానికంతటికిని కేంద్రము ఒక్కటే. తన దేశము ఎట్లున్నది? తన ప్రజలు ఏల ఇట్లున్నారు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకే ఆయన ప్రతిశాస్త్రమును సాధనముగా గైకొనెను. ప్రాచీన భారత వాణిజ్యమును గూర్చి వ్యాసము వ్రాసి 1915వ సంవత్సరమున ఎం. ఏ. పట్టము పొందెను. 1916వ సంవత్సరము మే నెలలో గోల్డెన్‌వైజర్ అను మానవశాస్త్ర పండితుని సభలో భారతదేశపు కులములను గూర్చి ఒక పత్రము చదివెను. తమ కులములోనే వివాహములు చేసికొనవలెనను నియమమే కులవ్యవస్థకు మూలమని అందు తర్కబద్ధముగా నిరూపింప యత్నించెను. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరములు. గోనెపట్టాపై కూర్చుండిన బాలుడు తనను అట్లు కూర్చుండబెట్టిన ఆచారమునే శాస్త్రదృష్టితో పరీక్షించెను. దుఃఖమును విద్యగా మార్చుకొనుట యనగా ఇదియే.

ఆ దినములలో లాలా లజపతిరాయి న్యూయార్కులో ఉండి స్వాతంత్ర్యోద్యమమునకు పనిచేయుచుండెను. ఆయన అంబేడ్కరును తమ కార్యములలో పాల్గొనుమని ఆహ్వానించెను. దేశాభిమానమునకు కొదువ లేకున్నను అంబేడ్కరు అందుకు అంగీకరింపలేదు. తాను వచ్చినది చదువుటకు. చదువు పూర్తియగు వరకు మరియొక పనికి సమయమిచ్చుట తనను పంపినవారికి ద్రోహము చేయుటయే యని ఆయన తలచెను. ఏ పని ఏ కాలమున చేయవలెనో తెలియుట వివేకము.

కొలంబియాలో డాక్టరు పట్టమునకు వలసిన పరిశోధనను సిద్ధపరచుకొని, 1916వ సంవత్సరమున ఆయన లండను నగరము చేరెను. అక్టోబరు నెలలో లండను అర్థశాస్త్ర విద్యాలయమునను, నవంబరు నెలలో న్యాయవిద్యకై గ్రేస్ ఇన్ సంస్థయందును ప్రవేశించెను. అంతలో విద్యార్థివేతనపు గడువు తీరెను. మరలి రమ్మని బరోడానుండి ఆజ్ఞ వచ్చెను. చదువు నడుమ విడిచిపోవలెనని ఆయన మిక్కిలి పరితపించెను. కాని ఊరక తిరిగి రాలేదు. నాలుగు సంవత్సరములలోపల వచ్చి చదువు కొనసాగించుటకు విశ్వవిద్యాలయమునుండి అనుమతి పొందిన పిమ్మటనే బయలుదేరెను.

1917వ సంవత్సరము ఆగస్టులో ఆయన బొంబాయి చేరెను. ప్రథమ ప్రపంచ సంగ్రామము జరుగుచున్న కాలమది. ఆయన పుస్తకములును, సామానులును వేరొక ఓడలో వచ్చుచుండెను. శత్రువుల జలాంతర్గామి దానిని ముంచివేసెను. ఆకలి నణచుకొని కొన్న పుస్తకములలో అనేకము సముద్రము పాలయ్యెను. నష్టపరిహారముగా వచ్చిన కొద్ది సొమ్ముతో ఆయన బరోడాకు పోయి ఒడంబడిక ప్రకారము కొలువున చేరెను. అమెరికాలో గౌరవమందిన పండితునకు ఆ నగరమున ఉండుటకు ఇల్లు దొరకలేదు. కార్యాలయమున నౌకరులు సైతము మైలపడుదుమను భయముతో దస్త్రములను దూరమునుండి ఆయన బల్లపై విసరుచుండిరి. త్రాగుటకు నీరు దొరకకుండెను. తన కులమును దాచి ఒక పారసీ సత్రమున తలదాచుకొనగా, పదునొకండవ దినమున కర్రలు ధరించిన కొందరు వచ్చి ఆయనను వెళ్లగొట్టిరి. ఆయన ఒక ఉద్యానవనమున చెట్టు క్రింద కూర్చుండి కన్నీరు విడిచి, రాత్రి రైలులో బొంబాయికి మరలి వచ్చెను.

ఆ క్షణమున ఆయన వద్ద ఏమి మిగిలినది? పుస్తకములు మునిగిపోయినవి. ఉద్యోగము పోయినది. చేత సొమ్ము లేదు. కాని విశ్వవిద్యాలయమున రాత్రింబవళ్లు ఆర్జించిన జ్ఞానమును ఏ జలాంతర్గామియు ముంచలేదు. ఏ సత్రమునుండియు ఎవరును దానిని గెంటివేయలేరు. పరీక్షకు చాలినంత మాత్రమే చదివియున్నచో ఆ దినమున ఆయన పూర్తిగా నిరుపేద యగును. అంతకు మించి చదివినందుననే ఆయన నిలువగలిగెను. 1918వ సంవత్సరము నవంబరులో బొంబాయిలోని సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యపదవి లభించెను. ఆయన పాఠములు వినుటకు ఇతర కళాశాలల విద్యార్థులును వచ్చుచుండిరి.

ఆచార్యుడైన పిమ్మట తాను విద్యార్థిననుట ఆయన మరువలేదు. జీతములో మిగులబెట్టి, కొల్హాపురము మహారాజగు షాహూ ఛత్రపతి సహాయము కొంత పొంది, కొలంబియా మిత్రుడగు నావల్ భతేనా వద్ద 5000 రూపాయలు అప్పు తీసికొని, 1920వ సంవత్సరమున మరల లండను చేరెను. ఈసారి ఆయన పొందిన కష్టము మరింత తీవ్రమైనది. ఉదయము ఒక రొట్టెముక్క, కొంచెము చేపల ముద్ద, ఒక గిన్నె మాంసరసము; ఇదియే ఆహారము. బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయము తలుపులు తెరచునప్పటికే ఆయన వాకిట నిలిచియుండెడివాడు. సాయంకాలము మూయువరకు లేచెడివాడు కాడు. రాత్రి పదిగంటలకు ఆకలి వేసినచో ఒక పరిచితుడిచ్చిన అప్పడములను కాల్చుకొని తిని, తిరిగి పుస్తకము చేపట్టెడివాడు. బండికి డబ్బు ఖర్చగునని నడచియే పోవుచుండెడివాడు.

ఆ తపస్సు ఫలించెను. 1921వ సంవత్సరమున ఎం. ఎస్‌సి. పట్టమును, 1922వ సంవత్సరమున బారిష్టరు పట్టమును లభించెను. పిమ్మట రూపాయి సమస్యను గూర్చి వ్రాసిన పరిశోధనగ్రంథమును డి. ఎస్‌సి. పట్టమునకై సమర్పించెను. ఆంగ్లప్రభుత్వపు ద్రవ్యవిధానమును అది నిశితముగా విమర్శించెను. దానిని సవరించి తెమ్మని పరీక్షకులు తిప్పిపంపిరి. అప్పటికి ఆయన చేతి సొమ్ము అయిపోయెను. ఆయన నిరుత్సాహపడలేదు. బొంబాయికి వచ్చి, తన నిర్ణయములను విడువక, వ్రాత తీరును మాత్రము సవరించి పంపెను. 1923వ సంవత్సరము నవంబరులో ఆ పట్టము వచ్చెను. బ్రిటిషు ఇండియాలోని రాష్ట్రముల ఆదాయవ్యయములను గూర్చి వ్రాసిన గ్రంథము అచ్చుపడిన పిమ్మట 1927వ సంవత్సరమున కొలంబియా విశ్వవిద్యాలయము పిహెచ్. డి. పట్టము నొసగెను. ఆ గ్రంథమును ఆయన కృతజ్ఞతతో సాయాజీరావు మహారాజునకు అంకితమిచ్చెను.

ఆయన తన విద్యను గదిలో భద్రపరచుకొనలేదు. 1927వ సంవత్సరము మార్చి నెలలో మహాడ్ పట్టణమున వేలకొలది జనముతో కలిసి చవదార్ చెరువునకు నడచి, అంతవరకు తమకు నిషిద్ధమైన ఆ నీటిని దోసిటితో త్రాగెను. బాల్యమున నౌకరు కొరకు ఎదురుచూచిన దాహము ఆ దినమున తన జనులందరి తరపున ఆ చెరువుగట్టుపై నిలిచినది. 1947వ సంవత్సరము ఆగస్టు నెలలో రాజ్యాంగ రచనా సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. కేంద్రమునకును రాష్ట్రములకును ఆదాయము ఎట్లు పంచవలెనను ప్రశ్న ఆ సంఘము ముందుకు వచ్చినప్పుడు ఆయనకు అది క్రొత్తది కాదు. ముప్పదియేండ్లకు పూర్వము న్యూయార్కు గ్రంథాలయమున ఆయన పరిశోధించిన విషయమే అది. అస్పృశ్యతను నిషేధించు విధియు ఆ రాజ్యాంగమున చేరెను.

తనకు లభించిన అవకాశము ఇతరులకు లభింపవలెనని ఆయన విద్యాసంస్థలను స్థాపించెను. 1946వ సంవత్సరమున బొంబాయిలో సిద్ధార్థ కళాశాల వెలసెను. 1950వ సంవత్సరమున, ఆ కాలమున హైదరాబాదు రాజ్యమున భాగమై యుండిన ఔరంగాబాదులో మరియొక కళాశాల స్థాపితమయ్యెను. 1952వ సంవత్సరమున కొలంబియా విశ్వవిద్యాలయమును, 1953వ సంవత్సరమున హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమును గౌరవ డాక్టరు పట్టములతో ఆయనను సత్కరించెను. 1956వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన ఆయన ఢిల్లీలో పరమపదించెను.

పట్టములు ఆయనకు అనేకము. కాని ఆయన గొప్పతనము వాని సంఖ్యలో లేదు. విశ్వవిద్యాలయమున ఉన్నంతకాలము అచ్చటి ప్రతి గురువును, ప్రతి గ్రంథమును, ప్రతి గంటను తనదిగా చేసికొనుటలో ఉన్నది. తొలినెలలలో దారితప్పినను తానే గుర్తించి మరలివచ్చుటలో ఉన్నది. పొందిన విద్యను తనవారికొరకు వెచ్చించుటలో ఉన్నది. ఒకరు మేలుకొని యున్నందుననే మరియొకరు చదువగలుగుచున్నారు. ఈ సత్యమును మరువని విద్యార్థి కాలమును వృథా చేయజాలడు.